రెండు తలుపుల హెరాల్డు

ఈ ఏటి సంచికకు "మన ఊరి పాత సంగతులు ఏవైనా రాయండి" అని కార్యదర్శిగారు అడిగినప్పుడు, పాత బడి గురించి రాద్దామనుకున్నాను. ఇంతలో మా అన్నగారి మనవడు వచ్చి, "చిన్న దాదా, ఒక హెరాల్డు కారు చూశాను, చవగ్గా వస్తోంది, కొననా?" అని అడిగాడు. వాడి జీతమెంతో నాకు తెలుసు. ఇంటద్దె, చెల్లెలి కాలేజీ ఫీజు కూడా తెలుసు. అయితే వాడి ముఖంలో కనబడిన ఆ సంబరం ఇంకా బాగా తెలుసు. 1974లో మా చిచ్చా ముఖంలో అచ్చం అదే చూశాను. అందుకని బడి సంగతి వచ్చే ఏటికి వదిలి, వాడికి చెప్పవలసిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. మన సభ్యుల ఇళ్ళల్లో ఇలాంటి కుర్రవాళ్ళు ఇంకా ఉంటారు గదా.

కారు మన తెలుగు నేలమీదికి ప్రభువుల బండిగా వచ్చింది. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ చూసినవాళ్ళకు అక్కడ నిలబెట్టిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ జ్ఞాపకం ఉంటుంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా కట్టించారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని ఆర్డరు చేశారు. బండి తయారై వచ్చేలోపలే, 1911లో, ఆయన కన్నుమూశారు. ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో అది ఊరేగింపులకు మాత్రమే బయటికి వచ్చేది, మొత్తం మీద కొన్ని వందల మైళ్ళకు మించి తిరగలేదంటారు. పనికిరాని కారు కొనడం అంటే అదీ! అయితే అంతటి ఖజానా ఉన్నవారికి అది చెల్లింది. మండీలో గుమాస్తా పని చేసేవాడు అదే పని చేస్తే ఏమౌతుందన్నదే మన కథ.

మన పొదిలి వైపు కారు కంటే ముందు జట్కా. మా తాతగారి రోజుల్లో మనవాళ్ళు చాలామంది జట్కాలు తోలి బతికారు. గుర్రానికి దాణా, నాడా, బండికి ఇరుసు, పట్టా, ఇవన్నీ వాళ్ళకు చేతిలో విద్య. తర్వాత బస్సులొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు రేషనైనప్పుడు బస్సులకు వెనక బొగ్గు పొయ్యి తగిలించి, ఆ గ్యాసుతో నడిపారు. ఎత్తు వస్తే ప్రయాణీకులు దిగి నడిచేవారట. ఆ పొయ్యి రాజేసినవాళ్ళు, మసి తుడిచినవాళ్ళు, బస్సుల కింద పడుకుని నట్లు బిగించినవాళ్ళే మెల్లగా మెకానిక్కులయ్యారు. గుర్రాన్ని చూసుకున్న చేతులే ఇంజనునూ చూసుకున్నాయి. వీళ్ళను మనం ఉస్తాద్ అని పిలిచాం. ఈ మాటకు గురువని అర్థం. ఏ కాలేజీ పట్టాకూ తీసిపోని బిరుదు అది, నన్నడిగితే.

ఇక కార్లు కొనడం సంగతి. ఇప్పటి పిల్లలకు అప్పటి కరువు అర్థం కాదు. అమెరికా కంపెనీలైన ఫోర్డు, జనరల్ మోటార్సు మన దేశంలో విడిభాగాలు తెచ్చి కార్లు బిగించి అమ్మేవి. 1953లో టారిఫ్ కమిషన్ చెప్పిన ప్రకారం, భాగాలు ఇక్కడే తయారు చేసే ఉద్దేశం ఉన్న కంపెనీలే ఉండాలని ప్రభుత్వం నిర్ణయించింది. వాళ్ళు మూట కట్టుకుని వెళ్ళిపోయారు. మిగిలింది ముఖ్యంగా మూడు కంపెనీలు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అంబాసిడర్ చేసే హిందుస్థాన్ మోటార్సు, బొంబాయిలో ఫియట్ చేసే ప్రీమియర్, మద్రాసు శివారు వండలూరులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్. కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళకొద్దీ క్యూలో ఉండాలి. కొన్నవాడు రెండేళ్ళ దాకా అమ్మకూడదని 1959లో ఉత్తర్వు కూడా వచ్చింది. ఎందుకంటే షోరూము ధరకంటే వాడిన బండి ధరే ఎక్కువ పలికేది! 1969లో ప్రభుత్వం కార్లకు ధర కట్టింది, కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. ఈ గొడవలన్నీ పెద్దవాళ్ళవి. మనబోటివాళ్ళకు దొరికేది పదేళ్ళు వాడి వదిలేసిన బండే.

మన జిల్లాకు మద్రాసు దగ్గర. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా పొదిలి నెల్లూరు జిల్లాలోదే. నెల్లూరు వాళ్ళకు మద్రాసు పెరటిదోవ. అందుకని మా చిచ్చా కంట్లో పడింది మద్రాసు బండి, హెరాల్డు.

ఆ కారు చరిత్ర కొంచెం చెప్పాలి. ఎందుకు అందంగా ఉంటుందో, ఎందుకు ఏడిపిస్తుందో రెండిటికీ కారణం అందులోనే ఉంది. 1950లలో ఇంగ్లండులో స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీకి బాడీలు చేసి ఇచ్చే కార్ఖానాను పోటీ కంపెనీ కొనేసింది. బాడీ మొత్తం ఒక్కచోట చేయించుకునే దారి లేక, పాతకాలం పద్ధతిలో కింద ఇనప ఛాసిస్ పెట్టి, దాని మీద ముక్కలు ముక్కలుగా బాడీని బోల్టులతో బిగించేలా తయారు చేశారు. గతిలేక చేసిన పని. ఆ ముక్కలకు రూపం ఇచ్చినవాడు మాత్రం మిచెలోట్టి అనే ఇటలీ పనివాడు. 1959లో ఆ కారు బయటికి వచ్చింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డు పేరుతో తయారైంది. ముందు బోనెట్టు, రెండు మడ్గార్డులతో సహా ఒక్క ముక్కగా ముందుకు పడిపోతుంది. లోపల ఇంజను, చక్రాలు అన్నీ బయట పడతాయి, మెకానిక్కు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. స్టీరింగు ఎంతగా తిరుగుతుందంటే, పాతికడుగుల జాగా ఉంటే చాలు, బండి వెనక్కి తిరిగిపోతుంది. పొదిలి సందుల్లో అంబాసిడర్ తిరగలేని చోట హెరాల్డు తిరిగేది. ఇవి దాని మంచి గుణాలు.

చెడ్డ గుణాలూ రాస్తాను. దానికి తలుపులు రెండే. వెనక సీట్లోకి వెళ్ళాలంటే ముందు సీటు వంచి దూరాలి. వెనక చక్రాలకు అడ్డంగా ఒక్కటే కమానుకట్ట, ఇరుసు రెండు ముక్కలుగా ఊగుతుంది. బరువు ఎక్కితే చక్రాలు ఒక తీరుగా, దిగితే ఇంకో తీరుగా వంకర పోతాయి. మలుపులో వేగంగా వెళ్తే వెనక భాగం జారే ప్రమాదం ఉంది. ఈ రెండు లోపాలూ కంపెనీకీ తెలుసు. 1960ల చివర్లో మద్రాసు వాళ్ళు సొంతంగా నాలుగు తలుపుల హెరాల్డు తెచ్చారు. ఇంగ్లండులో కూడా అలాంటిది లేదు. 1972లో గజెల్ అని పేరు మార్చి, వెనక మామూలు గట్టి ఇరుసు పెట్టారు. చిచ్చా కొన్నది ఈ మార్పులేవీ లేనిది, 1963 నాటిది.

అది అంత చవగ్గా ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగించాయి. కొద్ది నెలల్లో ముడి చమురు ధర నాలుగింతలైంది, ఇక్కడ పెట్రోలు బంకుల్లో జనం గుండెలు బాదుకున్నారు. అదివరకు కార్లు వదలనివాళ్ళు వదిలించుకోవడం మొదలుపెట్టారు. మద్రాసులో ఒకాయన హెరాల్డును 4,500 రూపాయలకు ఇస్తానన్నాడు. అప్పట్లో పొదిలిలో కార్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మండీ గుమాస్తాకు కారు! చిచ్చా తిండీ నిద్రా మానేశాడు.

డబ్బు ఎక్కడిది? అది చెప్పకపోతే ఈ వ్యాసం రాసి లాభం లేదు. మా చిచ్చా ఇల్లు తాటాకు కప్పు. అయిదుగురు పిల్లలు. మిద్దె వేయించుకోవాలని మా చాచీ పైసా పైసా కూడబెట్టింది, పుట్టింటివాళ్ళు పెట్టిన రెండు బంగారు గాజులు అమ్మి అందులో కలిపింది. ఆ డబ్బే. చిచ్చా ఆమెను అడగలేదని నేననను, అడిగాడు. "పెళ్ళిళ్ళకు బాడుగకు ఇస్తే రెండేళ్ళలో మిద్దె డబ్బు తిరిగి వస్తుంది" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. ఊరుకోవడాన్ని ఒప్పుకోవడం అనుకున్నాడు మా చిచ్చా. మన ఇళ్ళల్లో మగవాళ్ళకు ఇది పాత అలవాటే.

ఊళ్ళో ఉస్తాదును వెంటబెట్టుకుని ఒంగోల్లో రైలెక్కి మద్రాసు వెళ్ళాడు. నాకు అప్పుడు పధ్నాలుగేళ్ళు, సంచీ మోయడానికి నన్నూ తీసుకెళ్ళారు. ఉస్తాద్ బోనెట్టు ఎత్తి చూశాడు, కింద దూరి చూశాడు, చెవి పెట్టి విన్నాడు. లేచి చేతులు తుడుచుకుంటూ, "భాయ్, బండి మంచిదే. కాని ఇది మన రోడ్లకు చేసింది కాదు. దీని భాగం ఒక్కటి పోతే మళ్ళీ ఇక్కడికే రావాలి" అన్నాడు. చిచ్చా అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు.

వచ్చేటప్పుడు గూడూరు, నెల్లూరు దాటాం. కావలి దగ్గర రేడియేటరు పొంగింది. ఒంగోలు వదిలి చీమకుర్తి మీదుగా పొదిలి చేరేసరికి అర్ధరాత్రి. అయినా వీధి వీధంతా లేచి వచ్చింది. ఉస్తాద్ కావాలనే బోనెట్టు మొత్తం ముందుకు వాల్చి చూపించాడు. "అబ్బో, నోరు తెరిచింది!" అన్నారు పిల్లలు.

ఆ కారు వల్ల మేలు జరగలేదంటే అబద్ధం. నెలలు నిండిన ఆడవాళ్ళను ఎంతమందిని ఒంగోలు ఆసుపత్రికి చేర్చిందో లెక్కలేదు, చిచ్చా ఎవరి దగ్గరా ఆ బాడుగ తీసుకోలేదు. అంబులెన్సు మాట పొదిలిలో విననైనా వినని రోజులు. పెళ్ళి బాడుగలు మాత్రం అనుకున్నట్టు రాలేదు. ఎందుకంటే రెండు తలుపులు! పెళ్ళికూతురు బురఖాతో, నగలతో, ముందు సీటు వంచి వెనక్కి దూరాలి, పదిమంది ముందు. ఒకసారి దుపట్టా సీటు కమ్మీకి తగులుకుని చిరిగింది. ఆ తర్వాత పెళ్ళివారు అంబాసిడర్లకే వెళ్ళారు. నాలుగు తలుపులంటే గొప్పకు కాదనీ, మర్యాదకనీ మా చిచ్చాకు అప్పుడు తెలిసింది.

చిచ్చా చిట్టా పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మండీ గుమాస్తా గనక ప్రతి పైసా రాశాడు. బ్యాటరీ, డైనమో బ్రష్షులు, క్లచ్చి ప్లేటు, మళ్ళీ క్లచ్చి ప్లేటు. "మద్రాసు పుదుపేట, పాత సామాను, రానుపోను రైలు చార్జీలతో" అన్న పద్దు అయిదేళ్ళలో పదకొండు సార్లుంది. అక్కడ పాత బండ్లు విప్పి భాగాలు అమ్మే బజారు ఉండేది, ఇంగ్లండు భాగం కాకపోతే దానికి సరిపోయే మరొకటి దొరికేది. అక్కడా దొరకనివి ఉస్తాద్ ఇత్తడి తెచ్చి లేతు మీద తిప్పించేవాడు. పెట్రోలు కాక, మరమ్మతులకే అయిన మొత్తం 6,900 రూపాయలు. కొన్నదానికంటే ఎక్కువ. అది కూడా ఉస్తాద్ చాలాసార్లు కూలి తీసుకోకుండా చేస్తేనే. ఆ పద్దులో లేని ఖర్చు ఉస్తాద్ మోకాళ్ళదీ, నడుముదీ. అది ఎవరూ రాయలేదు. ఇలాంటి పాత బండ్లు మన పల్లెల్లో ఇరవై, ముప్ఫై ఏళ్ళు తిరిగాయంటే కంపెనీల గొప్ప కాదు. షెడ్డు కింద కిరసనాయిలు గిన్నెలో నట్లు కడిగిన పిల్లల గొప్ప. వాళ్ళ పేర్లు ఏ మోటారు చరిత్ర పుస్తకంలోనూ ఉండవు.

1977 చివరిలో జరిగింది రాస్తాను. హెరాల్డు ముందు చక్రం ఇటూ అటూ తిరిగే చోట కింద ఒక కీలు ఉంటుంది, ట్రనియన్ అంటారు. ఇత్తడి ముక్కలో ఇనప మర తిరుగుతుంది. ఆ కీలుకు గ్రీజు పెట్టకూడదు, గేరు ఆయిలు పోయాలి. గ్రీజు మర లోపలికి చేరదు. నీళ్ళు దిగి మర తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, చివరికి విరుగుతుంది. మా ఉస్తాదుకు ఈ సంగతి తెలుసు, వేరే ఆయిలు డబ్బా దాని కోసమే ఉంచేవాడు. ఆ ఏడు ఆయన జబ్బుపడితే, చిచ్చా బండిని ఇంకో ఊళ్ళో సర్వీసుకిచ్చాడు. ఊరి పేరు, షెడ్డు పేరు ఎందుకు లెండి. వాళ్ళు అన్ని బండ్లకూ కొట్టినట్టే గ్రీజు కొట్టి పంపారు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకు తెలిసిన బండి అంబాసిడర్.

కొన్ని నెలలకు చాచీ చిన్నపిల్లను ఒంగోలు ఆసుపత్రిలో చూపించుకుని వస్తోంది. చీమకుర్తి దాటాక ఒక గుంతలో పడగానే ఎడమ ముందు చక్రం పక్కకు మడుచుకుపోయింది. బండి ముక్కు నేలకు రాసుకుంటూ వెళ్ళి మట్టికట్టకు ఆగింది. వేగం లేదు గనక బతికారు. పిల్లకు దెబ్బ తగలలేదు, చాచీ దాన్ని పొట్టకు హత్తుకుని వంగింది. ఆమె కుడి మణికట్టు విరిగింది. వెనక సీట్లో ఉన్నవాళ్ళు బయటికి రావాలంటే ముందు సీటు వంగాలి గదా, అది ఇరుక్కుంది. దారిన పోయే లారీ వాళ్ళు వచ్చి గడ్డపారతో తీశారు.

ఆ చెయ్యి అతుక్కుంది గాని, చాచీ ఇప్పటికీ బిందె ఎడమ చేత్తోనే ఎత్తుతుంది.

అప్పుడైనా చిచ్చా అమ్మాడా? లేదు. ఉస్తాద్ కోలుకుని వచ్చి కొత్త కీళ్ళు వేశాడు, ఇంకో ఏడాదిన్నర తిరిగింది. 1979 మేలో ఒంగోలు వైపు తీరం దాటిన తుపాను గాలికి ఆ తాటాకు కప్పు లేచిపోయింది. పిల్లలు ఆ రాత్రంతా హెరాల్డులో పడుకున్నారు. తెల్లవారి చిచ్చా కారును 1,800 రూపాయలకు బేరం పెట్టాడు. దానికి అప్పు కలిపి మిద్దె వేయించాడు. కారు కోసం ఏడ్చాడో, ఇంటి కోసం ఏడ్చాడో నాకు తెలియదు గాని, బండి సందు మలుపు తిరిగేటప్పుడు ఏడ్చాడు.

తర్వాతి కాలం తొందరగా చెప్పేస్తాను. 1983 డిసెంబరులో మారుతి వచ్చింది. చిన్నది, తేలికైంది, సెల్ఫు కొడితే కదిలేది. స్టాండర్డ్ కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 అని పెద్ద కారు తెచ్చింది. పైన కొత్త బాడీ, లోపల మాత్రం పాత వాన్‌గార్డు కాలం ఇంజను. జనం నమ్మలేదు. 1988కల్లా కార్ఖానా ఆగింది. తయారు చేసినవాళ్ళే లేకపోతే భాగాలెక్కడివి? హెరాల్డులు పాత ఇనుముకు పోయాయి. ఉస్తాదుల దగ్గర ఉన్న అంగుళాల పానాలు మారుతి నట్లకు పట్టలేదు, మిల్లీమీటర్ల పానాలు కొనుక్కోవలసి వచ్చింది. కొందరు విజయవాడ ఆటోనగర్ వెళ్ళి కొత్త పని నేర్చుకున్నారు. కొందరు పానా కింద పెట్టేశారు.

ఇప్పుడు మా మనవడి సంగతి. వాడికి మిద్దె ఉంది, దేవుడి దయ. కాని వాడు అనుకుంటున్న చవక ఎంతవరకు చవకో లెక్క వేసి చూపించాను. 2021లో కేంద్రం వింటేజి బండ్లకు నియమాలు చేసింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి ప్రత్యేకమైన నెంబరు ఇస్తారు, రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళకు పనికొస్తుంది. అయితే ఆ బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే. అంటే అప్పుడు చిచ్చా చేసిన ఒక్క మంచి పని, ఆసుపత్రికి మనిషిని చేర్చడం, దానితో చేయకూడదు! అలా కాదు, మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకుంటానంటే, పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రెన్యువలు. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. ఫిట్‌నెస్ పరీక్ష వేరే.

పెట్రోలు కూడా మారింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ఆ పాత ఇంజన్ల వాల్వు సీట్లకు సీసమే మెత్తటి పరుపు, అది లేకుండా గట్టిగా తోలితే అరుగుతాయి, గట్టి సీట్లు వేయించాలి. ఇప్పుడు వస్తున్న పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాలు. అది పాత రబ్బరు గొట్టాలను, డయాఫ్రాలను తినేస్తుంది. అన్నీ మార్పించాలి. ఇంగ్లండులో ఈ కార్ల మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారు గనక కొత్త ట్రనియన్లు, రబ్బర్లు దొరుకుతాయి. తెప్పించుకుంటే కస్టమ్సు సుంకం, పోస్టేజీ కలిసి భాగం కంటే ఎక్కువవుతాయి.

వాడు అంతా విన్నాడు. "వద్దంటావా, చిన్న దాదా?" అన్నాడు. వద్దనలేదు నేను. మూడు పనులు చేయమన్నాను. ముందు బండి కింద దూరి, ఛాసిస్ వెనక కొమ్ములు సుత్తితో తట్టి చూడమన్నాను. పైన రంగు ఎంత మెరిసినా తుప్పు అక్కడ మొదలవుతుంది. ఛాసిస్ మీద కొట్టిన నెంబరు, పుస్తకంలో నెంబరు ఒకటేనా చూడమన్నాను, లేకపోతే అది కారు కాదు, ఇనుము. మూడోది, కొనే డబ్బుకు సమానమైన డబ్బు బ్యాంకులో ఇంకోటి ఉంటేనే బేరం మాట్లాడమన్నాను. చెల్లెలి ఫీజు అందులో లెక్కపెట్టకూడదని కూడా చెప్పాను. ఆ చివరి మాటకు వాడు తల వంచుకున్నాడు.

ఉస్తాద్ లేరు. ఆయన కొడుకు షెడ్డులో ఇప్పుడు కంప్యూటరు తగిలించి ఇంజను జబ్బు కనుక్కుంటారు. వాణ్ణి అక్కడికి పంపితే, మూల నుంచి ఒక తుప్పు డబ్బా తెచ్చి చూపించాడట. మూత మీద ఉస్తాద్ చేతిరాతతో ఉర్దూలో "హెరాల్డు, గ్రీజు కాదు" అని ఉందట. అది చూసి వచ్చాక వాడి పిచ్చి తగ్గలేదు సరిగదా, ఇంకా ముదిరింది.

పోయిన శుక్రవారం మా చాచీ దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాడు. ఎనభై దాటింది ఆమెకు. చిచ్చా పోయి పద్నాలుగేళ్ళు. ఫోనులో కారు ఫోటో చూపిస్తే, ఎడమ చేత్తో పట్టుకుని దూరంగా, దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. తిడుతుందని మేమందరం ఎదురుచూస్తున్నాం.

"రంగు అదే" అంది. కాసేపాగి, "దీనికి తలుపులెన్ని రా?" అని అడిగింది.